అమ్ములూ, వేసవిలో కూడా వెళ్లు

అచ్చంపేట దగ్గర జడ్పీ హైస్కూల్లో శనివారాలు పిల్లలకి సైన్సు, కోడింగ్ చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంత పొంగిపోయానో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు, ఎందుకంటే ఆ బళ్లు నాకు తెలుసు, నీ ఉద్యోగం టెన్షన్లూ తెలుసు.

హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకో, సైన్సు టీచర్ని కలుపుకో, ఆడపిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టకు.

నేను చివర్లో పనిచేసిన బడికి ఒక కంపెనీ కుర్రాళ్లు వచ్చేవాళ్లు. మంచివాళ్లే. ఆర్డునో బోర్డులు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు) తెచ్చి లైట్లు వెలిగించి చూపిస్తే పిల్లలు గేటు దగ్గరే కాచుకునేవాళ్లు. తొమ్మిదిలో ఒక చెంచు అమ్మాయి ఉండేది, ఎంత చిక్కు సర్క్యూటైనా దాని చేతిలో వెలగాల్సిందే. "నిన్ను ఇంజనీరింగ్ చదివించే పూచీ మాది" అన్నారు దానితో. తర్వాత వాళ్ల ప్రాజెక్టు మారింది, రావడం మానేశారు, మానేస్తున్నామని ఒక్కరూ చెప్పలేదు. పదిలో మంచి మార్కులొచ్చాయి. బాసర ట్రిపుల్ఐటీకి ఎంట్రన్స్ కూడా లేదు, పది మార్కులతోనే సీటు, కానీ ఆ ఇంట్లో వాళ్లు సార్లే చూసుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నారు. గడువు దాటిపోయింది. పిల్ల పత్తి విత్తనాల చేలకి కూలికి వెళ్లింది. "సార్లు మళ్లీ వస్తారా మేడమ్?" అని వాళ్లమ్మ నన్ను అడిగింది చూడు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే ఇంజనీర్ని చేస్తానని ఎవరికీ చెప్పకు. నెలకి రెండు శనివారాలే కుదిరితే రెండే అను, రాలేకపోతే ముందురోజే ఫోన్ చెయ్యి.

రోబోలు తర్వాత. ముందు ఎనిమిదో తరగతి వాళ్లతో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తాయి, ఆ డబ్బే కొందరు పిల్లల్ని బడిలో ఉంచుతుంది. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీయించు. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్‌కి పది ఫలితాల దాకా ఆగొద్దు, ముందే అప్లై చేయించు. ఫలితాలొచ్చాక, బడి మూసి ఉండే మే నెలలో, జూన్‌లోనే నీ అవసరం ఎక్కువ, ఒక్కో ఇంటికీ వెళ్లి అడుగు.

ఇంటర్లో ఫిజిక్స్ వదిలేస్తానని నువ్వు ఏడిస్తే హైదరాబాద్ వచ్చి నీ పక్కన కూర్చున్నాను, గుర్తుందా తల్లీ? ఆ పిల్లల్లో చాలామందికి ఫారం చదివిపెట్టే మనిషి కూడా ఉండరు.

మే నెలలో టూర్లేవీ పెట్టుకోకు. మీ ఆయన ఏమన్నా అంటే నేను మాట్లాడతాను.

మీ అత్త