ఎవరూ అడగని ముగింపు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన స్క్రిప్టు ప్రతీ అందాయి. రెండింటినీ నిదానంగా చదివాను. పెద్ద నిర్మాత అండ లేకుండా, స్నేహితులంతా కలిసి పోగుచేసిన డబ్బుతో తీయదలచుకున్న ఈ దెయ్యం సినిమా ముందుముందు కల్ట్ సినిమాగా పేరు తెచ్చుకోవాలంటే ఏం మార్చాలో చెప్పమని అడిగావు. ముందుగా ఆ కోరికను స్క్రిప్టులోంచి తీసెయ్యమని చెబుతాను. ఏ సినిమాను తమదిగా చేసుకోవాలో, ఏళ్ల తరబడి దేన్ని మోయాలో ప్రేక్షకులే నిర్ణయించుకుంటారు. అందులో రచయిత ప్రమేయం లేదు. రచయిత చేతిలో ఉన్న పనులు వేరే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని నీ ప్రతిలో వదిలేశావు కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మొదట నీ ముగింపు సంగతి చూద్దాం. ఊరి చివర ఒంటరిగా బతుకుతున్న ముసలామె చేతబడి చేసిందని తేలడం, మాంత్రికుడు వచ్చి దెయ్యాన్ని సీసాలో బంధించడం, హీరో హీరోయిన్లు కారులో ఊరు దాటుతుండగా ఆ సీసాకు బీట పడి రెండో భాగానికి దారి మిగలడం: వీటిలో ఒక్కటి కూడా నీ సొంతం కాదు. ఇలాగే ఉండాలని నిన్ను అడిగినవారెవరు? ఇంకా నిర్మాత లేడు, పంపిణీదారు లేడు, సెన్సారు దాకా విషయమే వెళ్లలేదు. అయినా వాళ్లందరూ ఎదురుగా కూర్చుని చెప్పినట్లే రాశావు. సొంత డబ్బుతో సినిమా తీసేవాడికి కాల్షీట్లూ, క్రేన్లూ, గ్రాఫిక్సూ అందుబాటులో ఉండవు. వాటికి బదులుగా అతనికి దక్కేది ముగింపు మీద పూర్తి అధికారం ఒక్కటే, నువ్వు దాన్నే అందరికంటే ముందు వదులుకున్నావు.

ఈ అధికారం విలువ ఎంతో 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చరిత్ర చదివితే తెలుస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో జార్జ్ రొమేరో, జాన్ రూసో, రసెల్ స్ట్రీనర్ తదితరులు లేటెంట్ ఇమేజ్ అనే చిన్న సంస్థ నడుపుతూ వ్యాపార ప్రకటనలు తీసేవారు. పదిమంది కలిసి తలా 600 డాలర్లు వేసుకుని ఇమేజ్ టెన్ పేరుతో సినిమా పని మొదలుపెట్టారు. తరువాత అక్కడా ఇక్కడా పోగుచేసిన సొమ్ముతో కలిపి మొత్తం ఖర్చు సుమారు 1,14,000 డాలర్లకు చేరింది. హాలీవుడ్ లెక్కల్లో అది లేనట్టే. ఇవాన్స్ సిటీ దగ్గర త్వరలో కూల్చివేయబోతున్న ఒక పొలం ఇంటిని తీసుకుని, నలుపు తెలుపు ఫిల్ము మీద, చాక్లెట్ సిరప్‌ను రక్తంగా వాడుతూ 1967లో చిత్రీకరించారు. పంపిణీ కోసం తిరుగుతున్నప్పుడు, భయానక చిత్రాల వ్యాపారంలో ఆరితేరిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వారు కథానాయకుడు చివరికి బతికేలా ముగింపు మార్చమన్నారు. రొమేరో బృందం మార్చలేదు.

ఆ ముగింపు ఏమిటో నీకు తెలుసు. లేచి నడిచే శవాలు చుట్టుముట్టిన ఇంట్లో రాత్రంతా పోరాడి ఒక్కడే ప్రాణాలు నిలుపుకున్న బెన్‌ను, తెల్లవారాక షెరీఫ్ వెంట వచ్చిన తుపాకీ దళం కిటికీలో చూసి, అతనూ లేచిన శవమేనని కాల్చేస్తుంది. ఆ పాత్ర వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతివాడు. స్క్రిప్టులో బెన్ జాతి గురించి ఏమీ లేదు, నటుల ఎంపికలో అందరికంటే బాగా చేశాడని అతన్ని తీసుకున్నామని రొమేరో ఎప్పుడూ చెప్పేవాడు; మొరటు లారీ డ్రైవరుగా రాసిన సంభాషణలను తన మాటతీరుకు తగినట్లు మార్చుకున్నది జోన్సే. పూర్తయిన సినిమాతో న్యూయార్క్ వెళుతున్న రోజున కారు రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని కూడా రొమేరో చెప్పాడు. ఆ శవాలు చంపలేని మనిషిని పొద్దున పూట చట్టం తరఫున వచ్చినవాళ్లు చంపి, కొక్కేలతో ఈడ్చి మంటలో వేసే ఆ చివరి నిమిషాలు లేకపోతే ఆ సినిమా పేరు ఈనాడు ఎవరికీ గుర్తుండేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు నీ ముసలామె దగ్గరికి వద్దాం. చేతబడి నేపథ్యం వద్దని నేను అనడం లేదు. అయితే, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా వస్తూనే ఉన్నాయి. అలా చనిపోయినవాళ్లలో ఒంటరి వృద్ధులూ, పేదలూ ఉంటున్నారు. అలాంటి నేల మీద నిలబడి, ఊరివాళ్ల అనుమానమే చివరికి నిజమైందని చూపించే కథ రాయడం నాకు నచ్చలేదు. నీతి సంగతి పక్కన పెట్టి, భయం లెక్కన చూసినా ఇది బలహీనమైన ముగింపే. ఆమె దోషి అని తేలగానే ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆమె నిర్దోషి అయి, ఊరంతా కాగడాలతో ఆమె గుడిసె వైపు నడుస్తుంటే, ఆ గుంపులో మనకు ఇష్టమైన నీ కథానాయకుడు కూడా ఉంటే ఏమవుతుందో ఆలోచించు. దానికి గ్రాఫిక్స్ ఖర్చు ఒక్క రూపాయి కూడా కాదు.

కథాస్థలం విషయంలో నీ పొరపాటు ఇంకా సులభంగా దిద్దుకోగలిగింది. నలభై గదుల గడీ, దాని కింద సొరంగం, వెనుక కోనేరు రాశావు. అవి నీకు దొరకవు, సెట్ వేసే స్తోమత లేదు. ఇలాంటి స్థితిలో ఒకాయన ఏం చేశాడో విను. హెర్క్ హార్వే అనే ఆయన అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో సెంట్రాన్ అనే సంస్థలో బడిపిల్లలకూ, కర్మాగారాలకూ పనికొచ్చే విద్యాచిత్రాలు తీసే ఉద్యోగి. కాలిఫోర్నియా నుంచి కారులో తిరిగివస్తూ సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ సాల్ట్‌ఎయిర్ అనే విహారశాలను చూశాడు. ఇంటికి చేరగానే సహోద్యోగి జాన్ క్లిఫర్డ్‌తో, ఆ నాట్యశాలలో చనిపోయినవాళ్లు నాట్యం చేసే దృశ్యం ఒకటి తప్పకుండా ఉండాలి, మిగతా కథ నీ ఇష్టం అన్నాడు. అలా పుట్టిన 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' 1962లో సుమారు 33,000 డాలర్లతో, కొద్దిమంది సిబ్బందితో పూర్తయింది. చర్చిలో ఆర్గాన్ వాయించే అమ్మాయిని వెంటాడే పాలిపోయిన ముఖం హార్వేదే. విడుదలప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మళ్లీ కథాచిత్రం తీయలేదు. టీవీలో అర్ధరాత్రి వేళల్లో చూసినవాళ్లు మరిచిపోలేక చెప్పుకోగా చెప్పుకోగా 1989లో ఆ సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది.

నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు నటనలోని బిరుసుతనం ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ కొన్ని సంభాషణలు బాగా లేవనే అంటాను. ఆ శాల మాత్రం మనసులోంచి పోదు. మీ ఊళ్లో మూతపడిన రైస్ మిల్లు ఉందనీ, దాని యజమాని మీ మేనమామకు స్నేహితుడనీ ఉత్తరం చివర ఏదో మాటవరసకు రాశావు. నీ సినిమా అక్కడే ఉంది. కథ పూర్తిచేసి స్థలం వెతకడం డబ్బున్నవాళ్ల పద్ధతి. నువ్వు ముందు మిల్లుకు వెళ్లు, పగలూ రాత్రీ అక్కడ గడుపు, ఏ గోడ మీద ఏ వేళకు వెలుతురు పడుతుందో, ఏ రేకు గాలికి ఏ చప్పుడు చేస్తుందో రాసుకుని, ఆ తరువాత కథ మొదలుపెట్టు.

మనుషుల విషయమూ ఇంతే. పిట్స్‌బర్గ్‌లో రొమేరో సినిమాకు కార్ల్ హార్డ్‌మన్, మేరిలిన్ ఈస్ట్‌మన్ అనే ఇద్దరు డబ్బు పెట్టారు, నేలమాళిగలో దాక్కునే దంపతులుగా నటించారు, మేకప్ చేశారు, శబ్దాల పనీ చూసుకున్నారు. జపాన్‌లో షినిచిరో ఉయెదా 2017లో సుమారు 30 లక్షల యెన్‌లతో 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' తీసినప్పుడు ఒక నటశిక్షణ సంస్థ కార్యశాలకు వచ్చిన అనామక నటులే దొరికారు. వాళ్ల స్వభావాలను చూసి, వాటికి సరిపోయేలా పాత్రలు రాశాడు. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, అందులో బోలెడు తడబాట్లు. ఆ తడబాట్లన్నింటికీ కారణాలు తరువాతి భాగంలో బయటపడుతుంటే, డబ్బులేని సినిమా బృందం పడే అవస్థ మీద అంతకంటే ప్రేమగా తీసిన సినిమా నేను చూడలేదనిపించింది. టోక్యోలో రెండు హాళ్లతో మొదలై మౌత్ టాక్ మీద దేశమంతటా వందలాది హాళ్లకు పాకింది. నీ స్నేహితుల్లో ఒకడికి నత్తి ఉందని రాశావు, డబ్బింగ్ చెప్పిస్తానన్నావు. వద్దు, ఆ నత్తి పాత్రకే ఇవ్వు.

శబ్దం గురించి నీ ప్రతిలో ఎక్కడా ఒక్క మాట లేదు, అంతా రీరికార్డింగ్‌లో చూసుకోవచ్చని వదిలేసినట్లున్నావు. సంగీతమూ శబ్దాలూ కలపకముందు 'హాలోవీన్' సినిమాను ఒక స్టూడియో ఉద్యోగినికి చూపిస్తే ఆమెకు భయమే వేయలేదని దర్శకుడు జాన్ కార్పెంటర్ రాసుకున్నాడు. చిన్నతనంలో తండ్రి నేర్పిన ఐదు లెక్కల లయతో, మనకు ఖండచాపును గుర్తుచేసే నడకతో, అతనే పియానో బాణీ కట్టాక 1978లో ఆ సినిమా అమెరికాను వణికించింది. బొమ్మ చూడలేక కళ్లు మూసుకున్న ప్రేక్షకుడు కూడా చెవులతో వింటూనే ఉంటాడు. ఏ సీనులో ఏం వినిపిస్తుందో, ఎక్కడ అన్నీ ఆగిపోతాయో స్క్రిప్టులోనే రాయి. మంచి మైకు అద్దెకు తీసుకోవడానికి అవసరమైతే లైట్లలో రెండు తగ్గించుకో.

ఇలాంటి సినిమాల మీద వ్యాసాలు కూడా రాస్తున్నానని అన్నావు, సంతోషం. నువ్వు జతచేసిన వ్యాసంలో బడ్జెట్ అంకెలూ, వసూళ్ల అంకెలే సగం పేజీని ఆక్రమించాయి. తక్కువ ఖర్చుతో తీయడం దానికదే గొప్ప కాదు. తక్కువ ఖర్చుతో తీసిన చెత్త లెక్కలేనంత ఉంది, దాన్ని కల్ట్ పేరుతో నెత్తిన పెట్టుకుని వెక్కిరింతగా చప్పట్లు కొట్టే అలవాటు నాకు చిరాకు. ఒక షాట్ ఎందుకు భయపెట్టిందో, కెమెరా ఎక్కడ ఆగిందో, తలుపు ఎంతసేపు తెరుచుకోలేదో చూసినది చూసినట్లు వర్ణించు. ఆ పని చేసిన సౌండ్ మనిషినో, మేకప్ మనిషినో వెతికిపట్టుకుని మాట్లాడు. హిందీ భయానక చిత్రం 'తుంబాడ్' 2018లో వచ్చినప్పటి కంటే 2024లో మళ్లీ విడుదలైనప్పుడు ఎక్కువ వసూలు చేసింది. 'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా ఓటీటీలోకి వస్తే, దాని రెండో భాగం 2023లో థియేటర్లకు ఎక్కింది. మొదట చూసినవాళ్లు మరొకరిని కూర్చోబెట్టి చూపించడం వల్లే ఇవి జరిగాయి. నీ వ్యాసం ఆ పని చేయాలి.

ఇక కాగితాల సంగతి, ఇది చదవకుండా దాటేయకు. రొమేరో సినిమాకు విడుదలకు ముందున్న పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. వాల్టర్ రీడ్ సంస్థ పంపిణీకి తీసుకుని పేరు మార్చినప్పుడు, పాత టైటిల్ కార్డుతోపాటు దాని మీద ఉన్న కాపీరైట్ ప్రకటన కూడా పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకుండా విడుదలైన సినిమా మీద హక్కు నిలవదు. దాంతో టీవీ కేంద్రాలూ, అర్ధరాత్రి ఆటలు వేసే హాళ్లూ, తరువాత వీడియో క్యాసెట్ల వ్యాపారులూ ఎవరికివారే ఉచితంగా వాడుకున్నారు. ఊరూరా అభిమానులు పుట్టుకురావడానికి అదొక ముఖ్య కారణం. తీసినవాళ్లకు రావలసిన సొమ్ము రాకపోవడానికీ అదే కారణం. 1999లో ఆ సినిమా, భద్రపరచదగ్గ సినిమాల అమెరికా జాతీయ జాబితాకెక్కింది, 2016లో అసలు నెగెటివ్ నుంచి దాన్ని పునరుద్ధరించారు. గౌరవానికి లోటు లేదు.

మన చట్టంలో అలాంటి ప్రకటన తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు నీది. అయినా తెలుగు సినీ రచయితల సంఘంలో స్క్రిప్టు నమోదు చేయించు, తేదీకి రుజువు ఉంటుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. మీరు డబ్బు వేసుకున్న స్నేహితులు ఎంతమంది ఉన్నారో అంతమంది వాటాలూ, రీమేక్, ఓటీటీ హక్కులతో సహా, షూటింగ్ మొదలయ్యే ముందే ఒక కాగితం మీద పెట్టి అందరి సంతకాలూ తీసుకో. స్నేహం మధ్య కాగితం ఎందుకని ఎవరైనా నొచ్చుకుంటే నా పేరు చెప్పు. ముసాయిదా సిద్ధం కాగానే ఒక నకలు నాకు పంపు, ఇక్కడ తెలిసిన వకీలుకు చూపించి వారంలోపు తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ బాబాయ్