వావిలి తైలానికి ముక్క వాసన ఎందుకొస్తుంది?

ప్రశ్న: వావిలాకు వేసి నువ్వుల నూనె కాచాం. వారం తిరక్కుండానే ముక్క వాసన కొట్టింది. ఎక్కడ తేడా జరిగింది?

జవాబు: నూనెలో నీరు మిగిలిపోయింది. చాలామంది పచ్చి ఆకును నేరుగా నూనెలో వేసి, రంగు మారగానే దించేస్తారు. పైకి వేగినట్టే కనిపిస్తుంది గానీ లోపలి తడి అలాగే ఉంటుంది.

ఆయుర్వేదంలో తైలపాకానికి కొలత ఉంది: కల్కం (నూరిన ఆకు ముద్ద) ఒక వంతు, నూనె నాలుగు వంతులు, ద్రవం పదహారు వంతులు. ఇంట్లో చేసుకోవాలంటే కిలో పచ్చి ఆకుకు 4 లీటర్ల నీళ్లు పోసి, లీటరు మిగిలేదాకా మరిగించి వడకట్టండి. ఆ కషాయాన్ని 250 మి.లీ. నూనెలో పోసి, 60 గ్రాముల ఆకును మెత్తగా నూరి ఆ ముద్ద కలపండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో సన్నసెగ మీద కాచాలి. చివర్లో గరిటె ఆపకూడదు. ముద్ద అడుగంటితే ఆ మాడు వాసన ఇక పోదు.

దించే అదను ముద్దను బట్టి తెలుస్తుంది. కాస్త తీసి వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటమందా, ఇంకా నీరున్నట్టే. చప్పుడు లేకుండా అంటుకుని, నూనె మీద నురగ కూడా లేస్తే పాకం కుదిరింది. వేడి మీదే వడకట్టండి, సీసాలో మాత్రం పూర్తిగా చల్లారాకే పోయండి. వేడిగా పోసి మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి, ఆ చుక్కలు మళ్లీ నూనెలోకే జారతాయి. చెడిన నూనెను తిరిగి కాచి వాడొద్దు.

ఈ తైలం నడుము, మోకాళ్ల నొప్పులకు పైపూతగానే. కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే మర్దన ఆపి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: వావిలి అని తెచ్చి నాటిన మొక్కకు అన్నీ ఒంటి ఆకులే. ఇది అదేనా?

జవాబు: కాదు. అది బహుశా నల్ల వావిలి. పేరు కలిసినా అడ్డసరం కుటుంబానికి చెందిన వేరే మొక్క. కాండం నల్లటి ఊదారంగులో ఉంటుంది. అసలు వావిలి తులసి, పుదీనాల కుటుంబానిది, టేకుకు కూడా చుట్టమే. ఒక్కో కాడకు మూడు లేదా ఐదు ఆకులు చేతివేళ్లలా విచ్చుకుంటాయి. ఆకు వెనక్కి తిప్పితే బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది, నలిపితే ఘాటైన వాసన. లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉంటుంది. పూలు చిన్నవి, నీలి ఊదా రంగు. వినాయక చవితి పత్రిలో సింధువార పత్రం ఇదే.

ప్రశ్న: బాలింతకు వావిలాకు నీళ్లు ఎలా కాచాలి?

జవాబు: ఒక బిందె నీళ్లకు నాలుగు గుప్పెళ్ల ఆకు చాలు. మూత పెట్టి పది, పదిహేను నిమిషాలు మరిగించండి. మూత తీసి కాస్తే ఆవిరితోపాటు సుగంధ తైలమంతా ఎగిరిపోయి, ఉత్త పసరు నీళ్లు మిగులుతాయి. వడకట్టి, ఒంటికి ఓర్చుకునే వేడికి చల్లార్చి పోయాలి. సిజేరియన్ కుట్లు మానేదాకా ఆగండి. గర్భిణులు వావిలిని కడుపులోకి తీసుకోకూడదు.

ప్రశ్న: పప్పుల డబ్బాలో వావిలాకు వేసినా పురుగు పట్టింది. ఎందుకు?

జవాబు: ఆకు వాసన బయటి పురుగును దగ్గరికి రానివ్వకపోవచ్చు గానీ, గింజలో అప్పటికే ఉన్న గుడ్డును చంపలేదు. ముందు పప్పును గట్టి ఎండలో ఆరబెట్టి చల్లార్చండి. ఆకును మాత్రం నీడలోనే, చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఎండబెట్టండి. తడి ఉంటే బూజు పడుతుంది. అడుగున, మధ్యలో, పైన వేసి, వాసన తగ్గగానే మార్చండి.