పరుగెత్తే నక్షత్రాలు, వాటి చుట్టూ గ్రహాలు: మీ ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో చిన్న ఎర్ర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గురించి రాశాం కదా, దాని మీద బోలెడు ప్రశ్నలు వచ్చాయి. ఒకటే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక్కటే తీసుకున్నాం. జాతకాల సంగతి అడిగినవాళ్లు దయచేసి వేరే పేజీ చూడండి.

ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి, రాస్ 128 బి, గ్లీజ్ 581 సి... ఇవేం పేర్లండీ? కాస్త నోటికి వచ్చే పేర్లు పెట్టలేరా?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

అందులో గ్రహానిది చివరి అక్షరం ఒక్కటే. మిగతాదంతా నక్షత్రం పేరు, అంటే ఆ నక్షత్రాన్ని ఎక్కించిన జాబితా పేరూ, అందులో దాని నంబరూ. బి అంటే ఆ నక్షత్రం దగ్గర దొరికిన మొదటి గ్రహం, తర్వాత దొరికినవి సి, డి అలా వెళ్తాయి.

అసలు తమాషా ఏంటంటే ఈ జాబితాలు రాసినవాళ్లలో చాలామంది గ్రహాల కోసం వెతకనే లేదు, వాళ్లు వెతికింది ఆకాశంలో చోటు మారుతున్న నక్షత్రాల కోసం. ఫ్రాంక్ రాస్ అనే ఆయన 1920లలో అమెరికాలోని యెర్కిస్ వేధశాలలో చేరేసరికి, అప్పటికే చనిపోయిన బార్నార్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త తీసిన పాత ఫొటో ప్లేట్లు అక్కడ దండిగా ఉన్నాయి, ఆయన అవే చోట్లను మళ్లీ ఫొటో తీసి పాతదీ కొత్తదీ ఒక యంత్రంలో పెట్టి మార్చి మార్చి చూసేవాడు. కదలని చుక్క కదలదు, కదిలింది మాత్రం అటూ ఇటూ గెంతుతుంది. అలా వెయ్యికి పైగా నక్షత్రాలు పట్టుకున్నాడు. ఇక ఇలాంటి నక్షత్రాలే వెతికిన లూయిటెన్ సంగతి వేరు, టెన్నిస్ ఆడుతుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయిన మనిషి, జీవితమంతా ఇదే పనిలో గడిపాడు. ఏడాదికి అర ఆర్క్ సెకను కన్నా ఎక్కువ కదిలేవాటిని ఏరి 1979లో వేసిన జాబితా పేరు లూయిటెన్ హాఫ్ సెకండ్, మీరడిగిన ఎల్‌హెచ్‌ఎస్ అదే. (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను.) గ్లీజ్ చేసింది ఇంకో రకం జాబితా, సూర్యుడికి దగ్గర్లో ఉన్న నక్షత్రాలది, 1957లో.

మరి గ్రహాలు వెతికేవాళ్లు వీటి మీదే ఎందుకు పడ్డారు? ఫొటోలో మసకగా, ఎర్రగా ఒక చుక్క కనిపించిందనుకోండి, అది పక్కనే ఉన్న బుల్లి నక్షత్రమా లేక ఎక్కడో దూరాన ఉన్న భారీ నక్షత్రమా అనేది రంగు చూసి చెప్పడం కష్టం, రెండూ ఎర్రగానే ఉంటాయి. ఏటేటా చోటు మారుతోందంటే మాత్రం అది దగ్గరిదే, కాబట్టి చిన్నదే. నక్షత్రం ఎంత చిన్నదైతే దాని ముందు నుంచి గ్రహం వెళ్లినప్పుడు వెలుగు అంత స్పష్టంగా తగ్గుతుంది, గ్రహం లాగే లాగుడుకు నక్షత్రం ఊగేదీ ఎక్కువే. 2023 జనవరిలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ నిర్ధారించిన ఎల్‌హెచ్‌ఎస్ 475 బి ఇంచుమించు భూమి అంత గ్రహం, 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అదీ లూయిటెన్ జాబితాలోదే.

నోటికి వచ్చే పేర్లూ ఉన్నాయి. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రం, దాని గ్రహం ఇచ్చి పేరు పెట్టమంటే, మన దేశం హెచ్‌డి 86081 అనే నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరిట బిభా అని, గ్రహానికి సంతమస అని పెట్టింది. పెట్టారు సరే, పరిశోధన పత్రాల్లో ఇప్పటికీ నంబరే రాస్తారు. నాకూ నంబరే నయం అనిపిస్తుంది, దాంట్లో చరిత్ర ఉంది.

నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో అరుంధతిని చూపిస్తూనే ఉన్నాం, ఆవిడ వశిష్ఠుడి పక్క నుంచి ఇంచు కూడా జరగలేదు. నక్షత్రాలు వేగంగా కదులుతాయంటే ఎలా నమ్మాలి?
— పురోహితులు, కాకినాడ

నమ్మనక్కర్లేదు శాస్త్రిగారూ, లెక్క చూడండి చాలు. 1718లో ఎడ్మండ్ హేలీ (తోకచుక్క హేలీయే) గ్రీకుల కాలం నాటి నక్షత్రాల స్థానాలను తన కాలం నాటివాటితో పోల్చాడు. మిగతావి సర్దుకున్నాయి గానీ స్వాతి, రోహిణి, మృగవ్యాధుడు మాత్రం పాత చోట్లలో లేవు. స్వాతి నక్షత్రం ఏడాదికి 2.3 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతుంది, అంటే ఒక డిగ్రీ, ఇంచుమించు రెండు నిండు చందమామల వెడల్పు, జరగడానికి పదహారు వందల ఏళ్లు చాలు. మీరు నలభై ఏళ్లు చూశారు, హేలీ చేతిలో ఉన్నది పద్దెనిమిది వందల ఏళ్ల తేడా.

అరుంధతీ వశిష్ఠులు కలిసే కనిపిస్తున్నారంటే కదలక కాదు, కలిసి కదలడం వల్ల. ఆ మాటకొస్తే సప్తర్షుల్లో వశిష్ఠుడు, అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు ఈ ఐదుగురూ ఒకే గుంపు, 80 కాంతి సంవత్సరాల దూరాన ఒకే దిక్కుకి ప్రయాణం చేస్తున్నారు. రెండు చివరలా ఉన్న క్రతువు, మరీచి వేరే దారి. అందుకే చాలా వేల ఏళ్లు పోతే ఆ గరిటె ఆకారం చెదిరిపోతుంది.

ఇంకోమాట, ఈ జాబితాల్లో "వేగం" అంటే కోణం, కిలోమీటర్లు కాదు. ముక్కు ముందు నుంచి వెళ్లే తూనీగ చటుక్కున దాటిపోతుంది, పైన విమానం పాకుతున్నట్టుంటుంది, ఏది వేగమో మనకు తెలుసు. అన్నిటికన్నా ఎక్కువ కోణం జరిగే బార్నార్డ్ నక్షత్రం మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఏడాదికి 10.4 ఆర్క్ సెకన్లు. నిజం వేగం సెకనుకు 140 కిలోమీటర్ల పైచిలుకు. 2019లో ప్రకటించిన ఎస్5-హెచ్‌విఎస్1 అనే నక్షత్రం సెకనుకు 1,700 కిలోమీటర్లకు మించి పోతోంది, మన పాలపుంత నడుమ ఉన్న భారీ కృష్ణబిలం దాన్ని 50 లక్షల ఏళ్ల కిందట విసిరేసిందని లెక్క తేలింది. అయినా 29,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి ఆకాశంలో దాని కదలిక బార్నార్డ్‌లో వందో వంతు కూడా ఉండదు.

బేగంపేటలో పాత నిజామియా అబ్జర్వేటరీ పక్కనుంచే రోజూ ఆఫీసుకి వెళ్తాను. అక్కడ నిజంగా ఏమైనా పని జరిగిందా, లేక నవాబుగారి సరదాయేనా?
— ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్

సరదాగానే మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో పెట్టుకున్నారు, ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. కానీ అక్కడ జరిగిన పని మాత్రం సరదా కాదు, చెప్పాలంటే ఈ మొత్తం కథలో మనవాళ్ల వాటా అదే.

1887లో పారిస్‌లో కూర్చుని ఆకాశమంతా ఫొటోలు తీయాలని, ఒక్కో నక్షత్రం చోటు కొలిచి అచ్చు వేయాలని నిర్ణయించారు, ప్రపంచంలో ఇరవై దాకా వేధశాలలు ముక్కలు పంచుకున్నాయి. ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు, వాళ్ల వల్ల కాలేదు, అది హైదరాబాద్‌కి వచ్చింది. ఎనిమిది అంగుళాల కుక్ టెలిస్కోప్‌తో ప్లేట్లు తీయడం, ఆ గాజు పలకల మీద ఒక్కో చుక్క కొలిచి పుస్తకంలో ఎక్కించడం... ఏళ్ల తరబడి సాగింది. పోకాక్ తర్వాత భాస్కరన్ డైరెక్టర్‌గా దాన్ని నడిపించారు, ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. పన్నెండు సంపుటాలు వచ్చాయి. ఆ తర్వాత అన్ని దేశాల సంపుటాల్లాగే అవీ లైబ్రరీల్లో దుమ్ము పట్టాయి, పెద్ద దండగ పని అన్నవాళ్లూ ఉన్నారు.

తర్వాతే అసలు మలుపు. ఐరోపావాళ్ల హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 దాకా నక్షత్రాల చోట్లను బ్రహ్మాండంగా కొలిచింది, కానీ మూడున్నరేళ్లలో చాలా నక్షత్రాలు జరిగేది ఎంతని? కదలిక తేలాలంటే పాత కొలత ఉండాలి, ఎంత పాతదైతే అంత మేలు. అప్పుడు ఆ సంపుటాలన్నీ దుమ్ము దులిపి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉపగ్రహం కొలతలతో పోల్చి, 2000లో టైకో-2 అనే జాబితా తెచ్చారు. 25 లక్షల నక్షత్రాలు, ఒక్కోటి ఎటు ఎంత జరుగుతోందో లెక్కతో సహా. అందులో ఆ దక్షిణ పట్టీ నక్షత్రాలకు పాత కొలత బేగంపేటదే. ఇప్పుడు ఆ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ నడుస్తోంది. ఈసారి అటు వెళ్తే ఒకసారి ఆగి చూడండి, బోర్డు మీద ఏముందో నాకూ రాయండి.

మొత్తం ఎన్ని గ్రహాలు దొరికాయి? ఒక్కోచోట ఒక్కో సంఖ్య కనిపిస్తోంది. పోటీ పరీక్షలో ఏది రాయాలి?
— గ్రూప్స్ అభ్యర్థి, అనంతపురం

నాసా జాబితా 2025 సెప్టెంబరులో 6,000 దాటింది, పరీక్షకైతే అది పట్టుకోండి. పారిస్ వేధశాల 1995 నుంచి నడుపుతున్న విజ్ఞాన సర్వస్వంలో సంఖ్య ఇంకా ఎక్కువ ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, గీత ఎక్కడ గీశారన్నదే తేడా. గురుగ్రహానికి 30 రెట్ల బరువు వరకు నాసా గ్రహం కింద లెక్కేస్తుంది, పారిస్‌వాళ్లు 60 రెట్ల దాకా వెళ్తారు. దీనికి తోడు గ్రహాలు వెతికే నాసా ఉపగ్రహం టెస్, గ్రహమో కాదో ఇంకా తేలనివాటిని వేల సంఖ్యలో అందిస్తోంది, పేపర్‌వాళ్లు ఒక్కోసారి వాటినీ కలిపేస్తారు.

బార్నార్డ్ నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని నా చిన్నప్పుడు పుస్తకంలో చదివాను, తర్వాత లేదన్నారు, మళ్లీ ఉందంటున్నారు. ఇంతకీ ఉందా లేదా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

ఉన్నాయి, నాలుగు. కానీ మీరు చిన్నప్పుడు చదివింది మాత్రం లేదు.

1963లో పెన్సిల్వేనియాలోని స్ప్రౌల్ వేధశాలలో పీటర్ వాన్ డి కాంప్ ఈ నక్షత్రం వంకరటింకరగా నడుస్తోందని, గురుడికన్నా పెద్ద గ్రహం లాగుతోందని ప్రకటించాడు. పదేళ్లకు వేరేవాళ్లు వేరే టెలిస్కోపుల ప్లేట్లతో చూస్తే ఆ వంకర కనిపించలేదు. తీరా చూస్తే స్ప్రౌల్‌లోని టెలిస్కోప్ కటకాన్ని సరిచేసిన రోజుల్లోనే మిగతా నక్షత్రాలూ అలాగే "గెంతాయి". అంటే కదిలింది కటకం. ఆయన మాత్రం 1995లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. 2018లో ఇంకో బృందం 233 రోజులకొకసారి చుట్టు తిరిగే గ్రహం ఉందంది, అదీ నిలవలేదు, నక్షత్రం మీది అలజడే అలా కనిపించిందని తర్వాత తేలింది. చివరికి 2024 అక్టోబరులో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో మూడు రోజులకొకసారి చుట్టు తిరిగే గ్రహాన్ని, 2025 మార్చిలో హవాయి నుంచి జెమినై నార్త్ టెలిస్కోప్ కొలతలు కలిపి మొత్తం నాలుగింటిని తేల్చారు. నాలుగూ భూమికన్నా తేలిక, ఏ ఒక్కదానికీ ఏడాది మన వారమంత కూడా ఉండదు. నక్షత్రానికి మరీ దగ్గర కావడంతో ప్రాణులుండే వేడి కాదు. ఈసారి రెండు వేర్వేరు పరికరాలు ఒకటే మాట చెప్పాయి కాబట్టి నేను నమ్ముతున్నాను.

మా పాప పుట్టినరోజుకి నక్షత్రానికి తన పేరు పెట్టించి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. కొనమంటారా?
— డాలస్ నుంచి ఒక నాన్న

వద్దు. అంతర్జాతీయ ఖగోళ సంఘం డబ్బు తీసుకుని ఏ పేరూ పెట్టదు, ఆ సర్టిఫికెట్ అచ్చు వేసినవాళ్ల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా చెల్లదు. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్స్ కొనండి.

మా కాలేజీలో ఆరు అంగుళాల టెలిస్కోప్ ఉంది. నక్షత్రం కదలడం మా పిల్లలకు చూపించే మార్గం ఉందా?
— ఫిజిక్స్ లెక్చరర్, కర్నూలు

ఉంది మేడమ్, బార్నార్డ్ నక్షత్రమే పెట్టుకోండి. సర్పధర రాశిలో ఉంటుంది, దాని ప్రకాశం అంకె 9.5 (అంకె పెరిగేకొద్దీ మసక) కాబట్టి కంటికి కనపడదు గానీ మీ టెలిస్కోప్‌కి సులువు. మన దగ్గర జూన్‌లో మబ్బులు పట్టేస్తాయి, అందుకని ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పొద్దుపోయాక ప్రయత్నించండి. ఒక హెచ్చరిక, యాప్‌లో 2000 సంవత్సరపు స్థానం ఇచ్చి ఉంటే నక్షత్రం అక్కడ ఉండదు, ఈ ఇరవై ఆరేళ్లలో అది నాలుగున్నర ఆర్క్ నిమిషాలు (60 ఆర్క్ సెకన్లు ఒక ఆర్క్ నిమిషం) ఇంచుమించు ఉత్తరానికే జరిగిపోయింది. కొత్త పిల్లలు ఇక్కడే టెన్షన్ పడి పక్క చుక్కని ఫొటో తీస్తారు.

కెమెరా బిగించి ఒక ఫొటో తీయండి, వచ్చే ఏడాది అదే నెలలో అదే కెమెరాతో ఇంకోటి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ ఉన్న చుక్కలు సరిపోయేలా సర్దితే పది ఆర్క్ సెకన్ల జరుగుడు తెలుస్తుంది, నాలుగేళ్లయితే గురుగ్రహం బింబం కనిపించేంత వెడల్పు. ఆగలేమంటారా, పాత ఆకాశ సర్వేల ప్లేట్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, 1950ల నాటి పాలోమార్ వేధశాల ఫొటో ఒకటి దించుకుని మీ ఫొటో పక్కన పెట్టండి, తేడా కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. ఫొటోలు మాకు పంపితే వేస్తాం, తేదీ, కెమెరా వివరం రాయడం మరిచిపోకండి.