దింపు డబ్బుతో ఏ వాషింగ్ మిషన్?

ప్రశ్న: మాది రాజోలు పక్కన పల్లెటూరు. ఇంట్లో ఐదుగురం. ఆదాయమంతా కొబ్బరి తోట మీదే. నలభై అయిదు రోజులకోసారి దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) తీయిస్తాం. పనావిడకు బట్టలకు నెలకు 1,000, గిన్నెలకు 800 రూపాయలు ఇస్తున్నాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, నాకు నడుము నొప్పి. షాపులో మూడు మిషన్లు చూపించారు: పైనుంచి బట్టలు వేసే 7 కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ 17,500, రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ 11,500, ఫ్రంట్ లోడ్ 32,000. ఫ్రంట్ లోడ్‌కు వడ్డీ లేకుండా 12 వాయిదాలట, ప్రాసెసింగ్ ఫీజు 500 మాత్రమేనట. రొక్కం ఇస్తే దానికి 1,500 తగ్గిస్తామన్నారు. బ్యాంకులో 26,000 ఉన్నాయి, దసరా తర్వాత పిల్లల ఫీజు 14,000 కట్టాలి. ఏది కొనమంటారు?

జవాబు: మీ ఇంటికి సరిపోయేది ఆ 17,500 రూపాయల టాప్ లోడ్ మిషనే. అయితే ఇప్పుడే కాకుండా, వచ్చే దింపు డబ్బు చేతికి అందాక రొక్కం పెట్టి కొనండి. కొనేముందు మీ పెరట్లో ఒక చిన్న పరీక్ష చేయవలసి ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా ఆ వడ్డీ లేని వాయిదాల విషయం చూద్దాం. రొక్కానికి 30,500కే ఇస్తామన్న వస్తువును వాయిదాల మీద 32,000కు ఇస్తున్నారంటే, మధ్యలో ఉన్న 1,500 రూపాయలు వడ్డీ కాక మరేమిటి? ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి మరో 590. నెలనెలా అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, ఈ 2,090 రూపాయలను నిజంగా మీ దగ్గర మిగిలి ఉండే అప్పుతో పోల్చి లెక్క కడితే ఏడాదికి దాదాపు 13 శాతం వడ్డీ పడుతోంది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ తర్వాత పేరు మారింది తప్ప లెక్క మారలేదు. పైగా మీకు జీతంలా నెలనెలా డబ్బు రాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయ ధర పడిపోయిన దింపులో వాయిదా తప్పిందంటే ఫైనాన్స్ సంస్థ ఒక రుసుము, బ్యాంకు మరొక రుసుము వేస్తాయి, ఆ మచ్చ క్రెడిట్ రికార్డులో నిలిచిపోతుంది. సకాలంలో కడితే 4 శాతానికే పడే పంట రుణం అందుబాటులో ఉన్న రైతు కుటుంబం, బట్టల మిషన్ కోసం ఆ రికార్డును చెడగొట్టుకోవడం నాకు నచ్చదు.

జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనండి అని కూడా షాపువాళ్లు అని ఉంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గినది ఏసీలకు, పెద్ద టీవీలకు, గిన్నెలు కడిగే మిషన్లకు. వాషింగ్ మిషన్ 2018 జులై నుంచే 18 శాతంలో ఉంది. కాబట్టి తొందరపడవలసిన పని లేదు.

కరెంటు గురించి బెంగ పెట్టుకోకండి. హీటరు లేని టాప్ లోడ్ మిషన్ చన్నీళ్లతో ఒక వాయి ఉతకడానికి పావు యూనిట్ కూడా కాల్చదు. నెలకు పాతిక వాయిలు వేసినా, యూనిట్ 6 రూపాయల చొప్పున 40 రూపాయలు దాటదు. ఒక స్టార్ ఎక్కువ ఉందని రెండు వేలు అదనంగా పెట్టడం ఫ్రిజ్‌కైతే సబబే గానీ దీనికి కాదు.

మీ ప్రాంతంలో అసలు లెక్క నీళ్లది. ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ ఒకసారి ఉతికి, జాడించి, పిండేసరికి వంద లీటర్లకు పైగా తాగుతుంది. ఫ్రంట్ లోడ్‌కు అందులో సగం చాలు. న్యాయంగా ఆ ఒక్క గుణం దానికి ఉంది. మీ తీరాన బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మిషన్‌కు పెట్టకండి: నురగ రాదు, బట్ట గట్టిపడుతుంది, లోపలి ఇనుప భాగాలు తుప్పు పడతాయి. పంచాయతీ కుళాయి నీళ్లే ట్యాంకుకు ఎక్కించాలి. వేసవిలో కాలువలు కట్టేసి మంచినీటి చెరువు అడుగంటే రోజుల్లో వారానికి రెండు మూడు వాయిలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. సబ్బు నీళ్లను రెండో వాయికి కూడా వాడుకునే వీలు సెమీ ఆటోమేటిక్‌కే ఉంది. అయినా తడిసి బరువెక్కిన దుప్పట్లను ఒక తొట్టిలోంచి తీసి ఇంకో తొట్టిలో వేయడం మీ నడుము వల్ల, అత్తయ్యగారి మోకాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ 6,000 తేడా అందుకోసమే పెట్టమంటున్నాను.

ఇక పరీక్ష. మీది ఒకే అంతస్తు ఇల్లయి డాబా మీదే ట్యాంకు ఉంటే నీటి ఒత్తిడి చాలకపోవచ్చు. చాలా ఫుల్లీ ఆటోమేటిక్ మిషన్లకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలి, అంటే కుళాయికి మూడు మీటర్ల ఎత్తున నీళ్లుండాలి. మిషన్ పెట్టదలచిన చోట కుళాయి పూర్తిగా తిప్పి, 15 లీటర్ల బకెట్ ఎంతసేపటికి నిండుతుందో గడియారం చూసి రాసుకోండి. రెండు నిమిషాల లోపు నిండితే నిశ్చింతగా కొనవచ్చు. మూడు నిమిషాలు దాటితే, మిషన్ నీళ్లు రావడం లేదనుకొని సగంలో ఆగిపోవచ్చు. అప్పుడు ఒత్తిడి పెంచే మోటారుకు మరికొన్ని వేలు పెట్టవలసి వస్తుంది.

స్టాండు, కుళాయి బిగింపులతో కలిపి ఖర్చు 19,000 అనుకోండి. బట్టల పనికిచ్చే 1,000 మిగిలితే, సబ్బు, కరెంటు పోను నెలకు 800 చొప్పున రెండేళ్లలో డబ్బు తిరిగి వస్తుందని కాగితం మీద తేలుతుంది. అయితే 1,800 వచ్చే ఇంట్లో 800 మాత్రమే ఇస్తామంటే పనావిడ రావడం మానేయవచ్చు. కొత్త మనిషి గిన్నెలకే 1,200 అడగవచ్చు. అందుచేత మిగులును సగమే లెక్కలోకి తీసుకోండి; నాలుగేళ్లకు తిరిగి వస్తుంది. తిన్నగా చూసుకుంటే మిషన్ ఎనిమిదేళ్లయినా పనిచేస్తుంది కాబట్టి అప్పటికీ నష్టం లేదు.

మోటారుకు పదేళ్ల వారంటీ అన్న మాటను ఉన్నంత వరకే తీసుకోండి. పాడయ్యేది తరచుగా సర్క్యూట్ బోర్డు, క్లచ్. అవి ఆ పదేళ్లలోకి రావు. మొత్తం మిషన్‌కు ఎన్నేళ్లు, మెకానిక్ రాజోలు నుంచే వస్తాడా, అమలాపురం నుంచి రావాలా అన్నవి బిల్లు రాయించే ముందే అడగండి. అదనపు వారంటీకి అడిగే డబ్బును బ్యాంకులోనే ఉంచుకోండి. అడుగున ఎలుక జాలీ ఉన్నదే తీసుకోండి. చేల గట్ల మీది ఎలుకలకు మిషన్ తీగలంటే మక్కువ. 2022 జులై వరద మీ వీధిలోకి వచ్చి ఉంటే, ఆ నీటి మట్టానికి జానెడు పైకి ఇటుకల గట్టు కట్టించి దాని మీద పెట్టండి. గొట్టం మిషన్‌లోకి చేరేచోట వేలి కొనంత జాలీ ఒకటి ఉంటుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చే నెలల్లో అది ఒండ్రుతో మూసుకుపోతుంది; పదిహేను రోజులకోసారి తీసి పాత పళ్ల బ్రష్‌తో కడిగితే, మెకానిక్ రాక ఖర్చు ఒకటి తప్పుతుంది.

ఇప్పుడున్న 26,000లో ఫీజు 14,000 పక్కన పెట్టేయండి. మిగిలిన 12,000కు వచ్చే దింపు నుంచి 10,000 కలిపితే 19,000 పోను 3,000 చేతిలో ఉంటాయి. ఈ నెలా పదిహేను రోజుల ఆలస్యానికి పనావిడకు 1,500 అవుతుంది. ఆ వాయిదాల మీద మీకు పడే 2,090 కంటే అది తక్కువే. బకెట్ పరీక్షలో మీ కుళాయి తప్పితే మాత్రం రెండు తొట్ల మిషనే తెచ్చుకొని, తడి బట్టలు మార్చే పని ఇంట్లో మగవాళ్లకు అప్పగించండి.