ఇండోనేషియా ప్రాథమిక పాఠశాలల్లో ఇస్లామీయ శీలబోధకు స్థానిక సంస్కృతి ఎలా తోడవుతుంది?

పిల్లలకు ముందే తెలిసిన కథ, ఇంట్లో అలవాటైన ఆచారం అక్కడ పాఠానికి ఆసరా. జావా తోలుబొమ్మలాట ‘వయాంగ్’నే చూడండి. అందులో మన ధర్మరాజు పేరు పుంతదేవ. ఆయన దగ్గర ‘కలిమసద’ అనే మహిమగల ఆయుధం ఉంటుంది. అది ఇస్లాం విశ్వాస ప్రమాణమైన ‘కలిమా షహాదా’యేనని జావా ముస్లింలు చెప్పుకుంటారు. భారతకథలోంచే సత్యనిష్ఠ గురించి మాట్లాడే వీలు టీచరుకు అలా దొరుకుతుంది.

2017 నాటి 87వ అధ్యక్ష ఉత్తర్వు శీలవిద్యకు ఊతమిచ్చింది. కానీ అర్థం వివరించకపోతే ఇదంతా వార్షికోత్సవ వేషాలతో సరి!

పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావు ప్రజలు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. పేరు ‘మకన్ బజంబా’. ఎవరి ముందున్న అన్నం వారే తీసుకోవాలి, పక్కవారి వైపు చేయి చాపకూడదు. ప్రవక్త నేర్పిన భోజన మర్యాదా అదే.