‘ఆ లైనులో అన్నం దొరుకుతుందా?’

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక విశ్రాంత హవల్దారు గారు రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి అమ్మాయి తిరుపతిలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బెంగళూరులోని ఒక సంస్థ రెండున్నర లక్షల రూపాయలకు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు నేర్పి ఉద్యోగం కూడా ఇప్పిస్తానంటే, తండ్రి పదివేలు అడ్వాన్సు కట్టి వచ్చారు. అమ్మాయి మాత్రం వైద్య, ఆరోగ్య లెక్కలను విశ్లేషించే బయోస్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, మాజీ సైనికులకు వైద్యం సక్రమంగా అందేలా డేటా విశ్లేషణతో పనిచేస్తానంటోంది. రెండు దారులనూ పోల్చి చెప్పమనీ, ఆమె చెప్పే లైనులో అన్నం దొరుకుతుందా అనీ వారు అడిగారు.

హవల్దారు గారూ,

పోలిక చెబుతాను, కానీ ముందు మీ ఉత్తరంలో రెండుసార్లు కనిపించిన మాట గురించి మాట్లాడాలి. ‘పాలీక్లినిక్ దగ్గర నేను నిలబడిన లైనులోనే నా బిడ్డ జీవితమంతా నిలబడాలా’ అని రాశారు. మిమ్మల్ని తొలుస్తున్నది జీతం ఒక్కటే కాదని అక్కడే అర్థమైంది. టమోటా పండించి నష్టపోయిన తండ్రి కూతురు అగ్రికల్చర్ చదువుతానంటే వద్దంటారు. బడిపంతులు తన కొడుకు బీఈడీ అనగానే ముఖం మాడ్చుకుంటారు. తాము అవస్థపడిన చోటికి పిల్లలు తిరిగి వెళ్లడం ఏ తల్లిదండ్రులకూ మింగుడుపడదు. అందులో తప్పేమీ లేదు. అయితే మీ అమ్మాయి వెళ్లాలనుకుంటున్నది ఆ లైనులో నిలబడడానికి కాదు, ఆ లైను ఎందుకంత పొడుగ్గా ఉందో లెక్క తేల్చడానికి.

మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందించే ఈసీహెచ్ఎస్ పథకం 2003 ఏప్రిల్‌లో మొదలైంది. మీరు నిలబడిన పాలీక్లినిక్ దానిదే. రెఫరల్ కాగితం కోసం ఒకసారి, లేని మందుకు ‘ఎన్.ఏ.’ (నాట్ అవైలబుల్) అని రాయించుకోవడానికి మరోసారి మీతో పాటు మీ అమ్మాయి కూడా తిరిగిందని మీరే రాశారు. అక్కడి రిజిస్టరులో వచ్చినవారి పేర్లే ఉంటాయి. కుప్పం వైపు పల్లెలో బీపీ మాత్రలు అయిపోయినా, అంత దూరం బస్సులో వెళ్లలేక ఊరుకున్న సిపాయి భార్య ఏ రిజిస్టరులోనూ కనిపించదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉన్న జాబితాను మండలాలవారీగా విడదీసి, పాలీక్లినిక్‌కు వచ్చినవారి లెక్క పక్కన పెట్టి చూస్తే తప్ప, రానివారు ఎక్కడున్నారో తెలియదు. వైద్యం అందుబాటు గురించి డేటాతో చేసే పనిలో సగం ఈ కనిపించనివారిని వెతకడమే.

అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే ఆసుపత్రులు నడుపుతుంది. అక్కడ 2018లో వచ్చిన మిషన్ చట్టం కింద, మామూలు వైద్యానికి సగటున 30 నిమిషాలకు మించి ప్రయాణించాల్సి వచ్చినా, అపాయింట్‌మెంటుకు 20 రోజులకు మించి ఆగాల్సి వచ్చినా, మాజీ సైనికుడు బయటి ఆసుపత్రికి వెళ్లేందుకు అర్హుడవుతాడు. స్పెషలిస్టు వైద్యానికి ఆ హద్దులు 60 నిమిషాలు, 28 రోజులు. ఆ చట్టం వెనుక ఒక చేదు అనుభవం ఉంది. అపాయింట్‌మెంటు 14 రోజుల్లో ఇవ్వాలన్న లక్ష్యం పెట్టి, దానిని అధికారుల పనితీరు మదింపుతో ముడిపెట్టేసరికి, ఫీనిక్స్ నగరంలో రోగుల పేర్లను అధికారిక జాబితాలో ఎక్కించకుండా వేరే జాబితాల్లో దాచారు. కాగితం మీద నిరీక్షణ తగ్గింది, మనుషులు మాత్రం నెలల తరబడి ఎదురుచూశారు. 2014లో ఇది బయటపడి ఆ శాఖ మంత్రి రాజీనామా చేశారు. ఆ అంకెలను కంప్యూటర్ల మీద చూసినవారికి లెక్కలు రాక కాదు. ఆ అంకె కౌంటరు దగ్గర ఎలా పుడుతుందో వారు చూడలేదు. మీ అమ్మాయి చూసింది.

ఇక మీరు ముచ్చటపడుతున్న కోర్సు సంగతి. ఇలాంటి కోర్సులు పూర్తి చేసి నా దగ్గరికి వచ్చే పిల్లల ప్రాజెక్టులు చాలా చూశాను. మునిగిపోయిన టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఐరిస్ పువ్వు రేకుల కొలతలను బట్టి అది ఏ రకం అన్న రెండు లెక్కలే పేర్లు మార్చుకుని తిరుగుతుంటాయి. ఆ డేటా శుభ్రంగా, బుద్ధిగా వరుసల్లో కూర్చుని ఉంటుంది. అసలైన వైద్య రికార్డు అలా ఉండదని మీకంటే ఎవరికి తెలుసు? ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. భర్తీ నాడు గుమాస్తా దానిని వెనక్కి తోసి ఉంటాడు, ఆధార్‌లో అది పొడి అక్షరమై ఉంటుంది, సైనికుల పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్పర్శ్‌లో మీ భార్య పేరు చివరి ‘మ్మ’ ఎగిరిపోయి ఉంటుంది. ఇలా రకరకాలుగా రాసిన పేర్లు ఒకే మనిషివని యంత్రానికి నేర్పడం ఒక శాస్త్రం. దాని పునాది సంభావ్యతా సిద్ధాంతంలో ఉంది, ఆరు నెలల్లో ఎక్కించే పరికరాల జాబితాలో లేదు. ఆ పరికరాల్లో ముఖ్యమైన ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఉచితంగానే దొరుకుతాయి. డేటా సైన్స్ అన్న పేరు మీద నాకు కోపం లేదు. డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్‌ను పక్కన పడేసి, దాని పైపూతకు రెండున్నర లక్షలు కట్టించుకోవడం మీదే నా అనుమానం.

మీ మీద కూడా కొంచెం కోపం ఉంది. అడ్వాన్సు కట్టే ముందు అమ్మాయిని ఒక్క మాట అడగలేదు. ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న హామీ ఏ కాగితం మీద ఉందో మీరూ చూసుకోలేదు. ఫౌజులో సంతకం పెట్టకుండా ఒక దుప్పటి కూడా తీసుకోని మీరు, ఇక్కడ నోటిమాట నమ్మి డబ్బు ఇచ్చారు.

ఆమె చెప్పే లైనులో అన్నం దొరుకుతుంది, కానీ మొదటి ఏడాదే విందు దొరకదు. ‘మాజీ సైనికుల ఆరోగ్య డేటా నిపుణురాలు’ అన్న పేరుతో తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఉద్యోగం వెతికితే నిరాశే మిగులుతుంది. పాలీక్లినిక్‌లో డేటా ఎంట్రీ పోస్టులున్నాయి గానీ, అవి కాంట్రాక్టువి, ఆమె చదువుకు తగినవీ కావు. బయోస్టాటిస్టిక్స్ చదివినవారిని మందుల క్లినికల్ ట్రయల్స్ చేసే కంపెనీలు, ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే సంస్థలు, పెద్ద ఆసుపత్రులు, వైద్య పరిశోధన సంస్థలు తీసుకుంటాయి. పరిశోధన సంస్థల్లో తొలి కొలువులు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతవరకే ఉంటాయి, ఇది దాచను. కొన్నేళ్లు అలా చేతికి పని పట్టుబడిన తర్వాత, సైనికుల వైద్యం వైపు ఆమె తన అనుభవంతో వెళ్లగలదు. ఈలోగా యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాసే అర్హత కూడా ఆమెకు ఉంటుంది. ఆ ఆరు నెలల సర్టిఫికెట్ ఒక్కటే ఈ తలుపు తెరవదు.

చదవడానికి చిత్తూరుకు అంత దగ్గరలో ఉన్న వేలూరు సీఎంసీలోనే ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్ ఉంది. సీట్లు బహు తక్కువ. అక్కడ రాకపోతే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, వైద్యానికి సంబంధించిన ప్రాజెక్టు ఎంచుకుంటే ఏమీ నష్టం లేదు. కోర్సుకొకసారి, ఎమ్మెస్సీకొకసారి అంటూ డబ్బు రెండుసార్లు పెట్టాల్సిన పనిలేదు. కోర్సుకని దాచిన మొత్తాన్ని అలాగే ఉంచండి.

ఈ వారంలో రెండు పనులు చేయండి. మొదటిది, అడ్వాన్సు రసీదు తీసి, కోర్సు మొదలుకాకముందే డబ్బు వాపసు కోరుతూ రాతపూర్వకంగా పంపండి. రెండవది, మీ డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు), స్పర్శ్ ప్రింటు, ఈసీహెచ్ఎస్ కార్డు నకళ్లు అమ్మాయి చేతికిచ్చి, మీ ఇంటిల్లిపాది పేర్లు ఎన్ని రకాలుగా రాసి ఉన్నాయో లెక్కపెట్టమనండి. ఆ లెక్కను ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమని నా మాటగా చెప్పండి.