ఇంటి ఫ్యూయల్ సెల్ కోసం ఆగాలా, సోలార్ పెట్టించుకోవాలా?

హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ ఇంటింటికీ వస్తుందని ఎప్పటినుంచో వింటున్నాం, సోలార్, బ్యాటరీ పెట్టించకుండా ఇంకొన్నాళ్లు ఆగితే మేలా అని అడిగారు. ఆగకండి. ఫ్యూయల్ సెల్ టెస్టింగ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ టెక్నాలజీ అంటే ఇప్పటికీ ప్రాణం. అయినా ఇదే మాట చెబుతాను.

ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు, నీళ్లు ఇచ్చే పరికరం. దాని పనితనంలో లోటేమీ లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం గ్రోవ్ 1839లోనే దీని సూత్రం చూపించాడు. అపోలో నౌకల్లో వ్యోమగాములకు కరెంటు, తాగే నీళ్లు ఇచ్చింది ఇవే. చిక్కంతా హైడ్రోజన్‌ది. నీటినుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. దాన్ని సెల్‌లో వాడితే తిరిగి చేతికొచ్చేది 16, 17 యూనిట్లు. అదే 50 యూనిట్లు లిథియం బ్యాటరీలో పెడితే 45 దాకా వెనక్కి తీసుకోవచ్చు. పైగా ఆ కిలో గ్యాస్ మామూలు ఒత్తిడిలో 11 ఘనపు మీటర్ల చోటు తినేస్తుంది, అంటే ఒక చిన్న గది. అందుకే హైడ్రోజన్ కార్లలో 700 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో, కుక్కి నింపుతారు.

హైడ్రోజన్‌తో రోజూ పనిచేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మా టెస్ట్ బెంచ్ మీద పని లీక్ టెస్ట్‌తోనే మొదలయ్యేది. లైన్లలోకి నైట్రోజన్ పంపి గాలి బయటికి తోలేసి, ప్రతి జాయింట్‌కూ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసేవాళ్లం. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు, అంటుకున్నా పగటి వెలుగులో మంట సరిగా కనబడదు. వంటగ్యాస్‌కు కలిపినట్టు వాసన కలపొచ్చు కదా అంటారు. ఆ వాసన పదార్థంలోని గంధకం సెల్‌లోని ప్లాటినాన్ని పాడుచేస్తుంది. ఇక స్టాక్‌లో, అంటే సెల్స్ పేర్చిన దొంతరలో, అన్నీ సిరీస్‌లో ఉంటాయి, లోడ్ మీద ఒక్కోదానికి 0.6, 0.7 వోల్టులు. సెల్ మధ్యలోని పలుచని పొర ఆరిపోయినా కష్టమే, లోపల నీళ్లు నిలిచినా కష్టమే. స్క్రీన్ మీద ఏ ఒక్క సెల్ వోల్టేజీ గీత కిందికి జారినా మాకు టెన్షన్, ఎందుకంటే దాని కోసం మొత్తం స్టాక్ ఆపాలి. ల్యాబ్‌లో చూసుకోవడానికి పక్కనే మనుషులుంటారు. ఇంట్లో అర్ధరాత్రి ఎవరుంటారు?

మాటలకు మాత్రం కొదవ లేదు. 2010లో అమెరికా ఫ్యూయల్ సెల్ కంపెనీ బ్లూమ్ ఎనర్జీ అధిపతి కె.ఆర్. శ్రీధర్ ఐదు నుంచి పదేళ్లలో 3,000 డాలర్ల లోపు ఇంటి యూనిట్ వస్తుందన్నారు. ఆ కంపెనీ ఇప్పుడు డేటా సెంటర్లకు, పెద్ద సంస్థలకు అమ్ముతోంది. ఈలోగా లిథియం బ్యాటరీల ధర దాదాపు పదో వంతుకు దిగింది.

నిజంగా ఇళ్లలోకి చేరింది జపాన్‌లో. 2009 నుంచి ఎనె-ఫార్మ్ పేరుతో ఇంటి ఫ్యూయల్ సెల్స్ నాలుగు లక్షలకు పైగా పెట్టారు. సుమారు 700 వాట్ల యూనిట్, బయటికొచ్చే వేడితో స్నానానికి నీళ్లు కాగుతాయి, ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. కానీ అది నడిచేది పైపులో వచ్చే గ్యాస్‌తోనో, ఎల్‌పీజీతోనో. హైడ్రోజన్‌ను లోపలే తయారుచేసుకుంటుంది, కాబట్టి కార్బన్ డయాక్సైడ్ తప్పదు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి నిలబెట్టినా, 2030కల్లా 53 లక్షలని మొదట పెట్టుకున్న లక్ష్యం ఇంకా ఎంతో దూరంలో ఉంది.

హైడ్రోజన్ వద్దని కాదు. ఎరువులకు కావలసిన అమ్మోనియా అది లేకుండా తయారుకాదు. ఉక్కు కోసం ఖనిజం నుంచి ఇనుము తీయడంలో బొగ్గుకు బదులు పనికొస్తుంది. కష్టపడి తీసిన క్లీన్ హైడ్రోజన్ ముందు అక్కడికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

రేపెవరైనా ఇంటి యూనిట్ అమ్మడానికొస్తే మూడు అడగండి: హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది, స్టాక్ ఎన్ని గంటలు నడుస్తుందని రాతపూర్వకంగా ఇస్తారు, అది పోతే కొత్తదానికి ఎంత. మీ ఇంటి పైకప్పుకు సోలార్ కొటేషన్ మాత్రం ఈ వారమే తీసుకోండి.